హాథార్న్ ప్రయోగాలు

హాథార్న్ ప్రయోగాలు అనేవి అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో, షికాగో నగరాన్ని ఆనుకొని ఉన్న సిసెరో పట్టణంలో, వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన హాథార్న్ కర్మాగారంలో 1924 నుండి 1932 వరకు జరిగిన పరిశోధనలు. వెలుతురు, విశ్రాంతి, పనిగంటలు, వేతన విధానం మొదలైన వాటిలో మార్పులు చేస్తే కార్మికుల ఉత్పాదకత ఎలా మారుతుందో తెలుసుకోవడం వీటి మొదటి ఉద్దేశం. కాని ప్రయోగాలు సాగిన కొలదీ పరిశోధకుల దృష్టి కార్మికులకు, పర్యవేక్షకులకు మధ్య గల సంబంధాలపైకి, కార్మికుల మనఃస్థితిపైకి, వారిలో వారు ఏర్పరచుకొనే కట్టుబాట్లపైకి మళ్ళింది. ఈ పరిశోధనల ఆధారంగానే నిర్వహణ శాస్త్రంలో మానవ సంబంధాల సిద్ధాంతం రూపొందింది. ఎల్టన్ మేయో, ఫ్రిట్జ్ రోత్లిస్‌బర్గర్, విలియం డిక్సన్ ఈ ప్రయోగాలతో ముడిపడిన ముఖ్యులు. నిర్వాహకులకు, వారి కింద పనిచేసేవారికి మధ్య పరస్పర విశ్వాసం ఎలా ఏర్పడుతుంది, ఎలా చెడుతుంది అనే ప్రశ్నకు సంబంధించి మిక్కిలి ఎక్కువగా చర్చించబడిన ఉదాహరణలలో ఇది ఒకటి. ఈ ప్రయోగాల ఫలితాలపైన, వాటికి ఇచ్చిన వ్యాఖ్యానాలపైన తరువాతి కాలంలో తీవ్రమైన విమర్శలు కూడా వచ్చాయి.

నేపథ్యం

వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ అమెరికన్ టెలిఫోన్ అండ్ టెలిగ్రాఫ్ సంస్థకు అనుబంధంగా టెలిఫోన్ పరికరాలను తయారుచేసేది. హాథార్న్ కర్మాగారం ఆ సంస్థ ఉత్పత్తి కేంద్రాలలో ప్రధానమైనది. 1929 నాటికి అక్కడ సుమారు 40,000 మంది పనిచేసేవారు. వారిలో చాలామంది పోలిష్, చెక్ తదితర యూరపు వలస కుటుంబాలకు చెందినవారు. ఆ కాలపు ప్రమాణాలను బట్టి చూస్తే సంస్థ ఉద్యోగులకు చాలా సదుపాయాలు కల్పించింది. పింఛను పథకం, ఆసుపత్రి, సాయంకాలపు తరగతులు, క్రీడలకు, వినోదానికి ఉద్యోగుల సంఘం వంటివి ఉండేవి. అయితే పని ఎలా చేయాలి, ఎంత వేగంగా చేయాలి, దానికి ఎంత కూలి ఇవ్వాలి అనే విషయాలు పైస్థాయిలోనే నిర్ణయమయ్యేవి.

ఆనాటి అమెరికా పరిశ్రమలపై ఫ్రెడరిక్ టేలర్ (1856-1915) ప్రతిపాదించిన శాస్త్రీయ నిర్వహణ ప్రభావం బలంగా ఉండేది. ప్రతి పనిని చిన్న చిన్న భాగాలుగా విభజించి, గడియారంతో కాలాన్ని కొలిచి, చేసిన పనిని బట్టి కూలి ఇచ్చే పద్ధతి (పీస్‌రేటు) ప్రబలింది. ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. కార్మికులు ఎక్కువ పని చేసి ఎక్కువ సంపాదించడం మొదలుపెడితే యాజమాన్యం రేటు తగ్గిస్తుందనే భయం వారిలో ఉండేది. ఈ భయంతో వారు కావాలనే నెమ్మదిగా పనిచేస్తారని టేలర్ కూడా గుర్తించాడు. సరియైన కొలతలు ఉంటే ఈ అపనమ్మకం తొలగిపోతుందని అతడు భావించాడు. కొలతలతో మాత్రమే తొలగేది కాదని హాథార్న్ అనుభవం సూచించింది.

వెలుతురు ప్రయోగాలు (1924-1927)

మొదటి ప్రయోగాలు అమెరికా జాతీయ పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగాయి. పనిచేసే చోట వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అనేది వీటిలోని ప్రశ్న. విద్యుత్ దీపాలను అమ్మే పరిశ్రమకు ఈ ప్రశ్నకు వచ్చే సమాధానంపై సహజంగానే ఆసక్తి ఉండేది. కార్మికులను రెండు బృందాలుగా విడదీసి, ఒక బృందానికి వెలుతురును మారుస్తూ, మరొక బృందానికి మార్చకుండా ఉంచి చూశారు. రెండు బృందాలలోనూ ఉత్పత్తి పెరిగింది. వెలుతురు తగ్గించినప్పుడు కూడా ఉత్పత్తి ఆశించిన విధంగా పడిపోలేదు. ఒక సందర్భంలో దాదాపు వెన్నెలకు సమానమైన కాంతిలో కూడా ఇద్దరు కార్మికులు తమ పనివేగాన్ని నిలుపుకున్నారని నివేదించబడింది.

వెలుతురుకు, ఉత్పత్తికి మధ్య నేరుగా సంబంధం కనిపించకపోవడంతో పరిశోధన మండలి 1927లో వైదొలగింది. ఒకేసారి అనేక విషయాలు మారుతున్న పెద్ద విభాగాలలో కాకుండా ఒక చిన్న బృందాన్ని వేరు చేసి, ఒక్కొక్క మార్పును విడిగా పరిశీలించాలని సంస్థలోని అధికారులు నిర్ణయించారు. వీరిలో జార్జ్ పెన్నాక్ ముఖ్యుడు.

రిలే కూర్పు పరీక్షా గది (1927-1932)

ఈ ప్రయోగం 1927 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలలో వాడే రిలే అనే విద్యుదయస్కాంత మీటను కూర్చే పనిని ఇందుకు ఎన్నుకున్నారు. ఒక్కొక్క రిలేలో సుమారు 35 విడిభాగాలు ఉండేవి. దానిని కూర్చడానికి దాదాపు ఒక నిమిషం పట్టేది. రోజంతా అదే పని చేయవలసి ఉండేది. ఐదుగురు యువతులు రిలేలను కూర్చేవారు, ఆరవ యువతి వారికి భాగాలను అందించేది. పూర్తయిన ప్రతి రిలేను ఒక గొట్టంలో జారవిడిచినప్పుడు కాగితపు పట్టీపై రంధ్రం పడి లెక్క నమోదయ్యేది. గదిలో ఒక పరిశీలకుడు కూర్చొని జరిగినదంతా వ్రాసుకొనేవాడు. యువతులకు క్రమం తప్పకుండా వైద్య పరీక్షలు కూడా జరిగేవి.

పోటీ పడి పనిచేయవద్దని, తమకు అనువైన వేగంతో పనిచేయమని వారికి చెప్పారు. మార్పులు చేసే ముందు వారిని పై అధికారి కార్యాలయానికి పిలిచి, ఉద్దేశం వివరించి, అభిప్రాయం అడిగేవారు. వారు ఒప్పుకోని కొన్ని మార్పులను విరమించుకున్నారు కూడా. కర్మాగారంలో సాధారణ కార్మికులకు ఇటువంటి మర్యాద అప్పటివరకు తెలియనిది.

ప్రయోగం మొదటి రెండు సంవత్సరాలలో 13 దశలుగా సాగింది. అవి సంక్షిప్తంగా ఇవి:

* 1వ దశ: యువతులకు తెలియకుండా, పాత విభాగంలోనే వారి ఉత్పత్తిని రెండు వారాలు నమోదు చేశారు.
* 2వ దశ: ప్రత్యేక గదికి మార్చారు. పని పరిస్థితులలో వేరే మార్పు లేదు.
* 3వ దశ: వేతన లెక్కను మార్చారు. అంతకుముందు సుమారు వందమంది ఉన్న విభాగం మొత్తం ఉత్పత్తిని బట్టి కూలి లెక్క కట్టేవారు. ఇప్పుడు ఈ చిన్న బృందం ఉత్పత్తిని బట్టి మాత్రమే లెక్క కట్టారు.
* 4వ దశ: ఉదయం, మధ్యాహ్నం ఐదేసి నిమిషాల విశ్రాంతి.
* 5వ దశ: విశ్రాంతిని పదేసి నిమిషాలకు పెంచారు.
* 6వ దశ: ఐదు నిమిషాల విశ్రాంతులు ఆరు. పని ఊపు తెగిపోతున్నదని యువతులు ఫిర్యాదు చేశారు.
* 7వ దశ: ఉదయం 15 నిమిషాల విశ్రాంతి, సంస్థ ఖర్చుతో అల్పాహారం, మధ్యాహ్నం పది నిమిషాలు.
* 8, 9 దశలు: పని ముగిసే సమయాన్ని సాయంత్రం ఐదు నుండి నాలుగున్నరకు, తరువాత నాలుగు గంటలకు తగ్గించారు.
* 10వ దశ: 7వ దశలోని పరిస్థితులు తిరిగి వచ్చాయి.
* 11వ దశ: శనివారం సెలవు.
* 12వ దశ: విశ్రాంతి, అల్పాహారం, సెలవు అన్నింటినీ తొలగించి, వారానికి 48 గంటల పనికి తిరిగి వెళ్ళారు. ఇది 12 వారాలు సాగింది.
* 13వ దశ: విశ్రాంతులను పునరుద్ధరించారు.

అందరినీ ఆశ్చర్యపరచినది 12వ దశ. సదుపాయాలన్నీ తీసివేసినా వారపు మొత్తం ఉత్పత్తి మొదటి స్థాయికి పడిపోలేదు. గంటకు వచ్చే ఉత్పత్తి కొంత తగ్గినా మొత్తం మీద అధికంగానే ఉంది. 13వ దశలో మరింత పెరిగింది. మొదటితో పోలిస్తే పెరుగుదల సుమారు 30 శాతం. గైర్హాజరు తగ్గింది. యువతుల మధ్య స్నేహం పెరిగి, ఒకరు అలసిపోయిన రోజున మరొకరు వేగం పెంచి లోటు పూడ్చడం కూడా కనిపించింది. పర్యవేక్షకుడు వెనుక నిలబడి గద్దించే భయం లేదని వారు పరిశీలకునితో చెప్పుకున్నారు.

అయితే ఈ గదిలో అన్నీ సామరస్యంగా జరగలేదు. పని చేస్తూ మాట్లాడుకోవడానికి వారికి స్వేచ్ఛ ఉన్నదని మొదట తోచినా, మాటలు మితిమీరాయని అధికారులు మందలించసాగారు. మందలింపులను లెక్కచేయని ఇద్దరిని 1928 జనవరిలో పాత విభాగానికి తిప్పి పంపి, వారి స్థానంలో అనుభవం గల మరి ఇద్దరిని తెచ్చారు. కొత్తగా వచ్చినవారిలో ఒకరిపై కుటుంబ పోషణ భారం ఉండేది. ఆమె త్వరలోనే బృందానికి నాయకురాలు వంటిది అయింది. ఉత్పత్తి పెరుగుదలలో గణనీయమైన భాగం ఈ మార్పు తరువాతనే వచ్చింది. ఈ సంగతి తరువాతి విమర్శలకు మూలమైంది.

అనుబంధ ప్రయోగాలు

ఉత్పత్తి పెరగడానికి కారణం వేతన విధానమా, విశ్రాంతులా అనేది తేల్చడానికి మరో రెండు ప్రయోగాలు జరిగాయి. రెండవ రిలే బృందానికి వేతన లెక్కను మాత్రమే చిన్న బృందానికి మార్చి, వారిని పాత విభాగంలోనే ఉంచారు. ఉత్పత్తి వెంటనే 12 శాతానికి పైగా పెరిగింది. కాని అదే గదిలోని మిగతా కార్మికులు తమకు లేని సౌకర్యం వీరికి ఎందుకని అసంతృప్తి చెందడంతో కొద్ది వారాలలోనే ఈ ప్రయోగాన్ని ఆపవలసి వచ్చింది. మైకా పొరలను చీల్చే బృందంలో వేతన విధానాన్ని మార్చకుండా విశ్రాంతులను, పనిగంటలను మాత్రమే మార్చారు. అక్కడ కూడా ఉత్పత్తి మొదట పెరిగి, ఆర్థిక మాంద్యం వచ్చి ఉద్యోగ భయం పెరిగిన తరువాత తగ్గింది. వేతనం ఒక్కటే కారణం కాదని పరిశోధకులు దీనినుండి నిర్ధారించారు. వేతనం ముఖ్య కారణమేనని విమర్శకులు ఇవే అంకెలను చూపారు.

ఎల్టన్ మేయో ప్రవేశం

ఎల్టన్ మేయో (1880-1949) ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో జన్మించాడు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో బోధించి, 1922లో అమెరికా చేరాడు. ఫిలడెల్ఫియాలోని ఒక నూలుమిల్లులో విశ్రాంతి సమయాల ప్రభావంపై పరిశోధన చేసి పేరు తెచ్చుకున్నాడు. 1926లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వ్యాపార నిర్వహణ పాఠశాలలో చేరాడు. హాథార్న్‌ను మొదటిసారి 1928లో సందర్శించాడు. అంటే ప్రయోగాలను ప్రారంభించినది మేయో కాదు; రిలే గదిలో పని అప్పటికే ఒక సంవత్సరం సాగింది. ఫలితాలకు అర్థం చెప్పి, వాటిని ప్రపంచానికి తెలియజేసినది అతడు, అతని సహచరులు.

ముఖాముఖి కార్యక్రమం (1928-1930)

మంచి పర్యవేక్షణ అంటే ఏమిటో కార్మికులనే అడిగి తెలుసుకోవాలని 1928లో సంస్థ ఒక విస్తృత కార్యక్రమాన్ని చేపట్టింది. తనిఖీ విభాగంలోని సుమారు 1,600 మందితో ఇది మొదలైంది. 1930 నాటికి 20,000కు పైగా ముఖాముఖి సంభాషణలు జరిగాయి. చెప్పినవారి పేర్లు బయటపెట్టబోమని హామీ ఇచ్చారు.

మొదట్లో పర్యవేక్షకుడు, పని, పని పరిస్థితులు అనే మూడు విషయాలపై సూటిగా ప్రశ్నలు అడిగేవారు. కార్మికులు అడిగినదానికి క్లుప్తంగా బదులిచ్చి, తమ మనసులో ఉన్న వేరే విషయాల వైపు మళ్ళేవారు. అందువల్ల 1929లో పద్ధతిని మార్చారు. ప్రశ్నించడం మాని, అడ్డు చెప్పకుండా, సలహా ఇవ్వకుండా, వాదించకుండా వినడమే ముఖాముఖి చేసేవారి పని అయింది. అరగంటలో ముగిసే సంభాషణ గంట, గంటన్నర వరకు సాగింది.

ఈ కార్యక్రమం వలన మూడు విషయాలు తెలిశాయి. ఒకటి, మరుగుదొడ్లు, గాలి వెలుతురు, పనిముట్లు వంటి వాటిపై వచ్చిన ఫిర్యాదులలో సరిచూసి పరిష్కరించదగినవి చాలా ఉన్నాయి. రెండు, తన మాట ఎవరో శ్రద్ధగా విన్నారన్న భావనే కొందరికి ఉపశమనం కలిగించింది. ఏ మార్పూ జరగకముందే పరిస్థితి మెరుగుపడిందని చెప్పినవారు కూడా ఉన్నారు. మూడు, పైకి కనిపించే ఫిర్యాదు వెనుక వేరొక బాధ ఉండవచ్చు. పీస్‌రేటు చాలదని పదేపదే చెప్పిన ఒక కార్మికుడు నిజానికి భార్య అనారోగ్యం వల్ల పెరిగిన వైద్య ఖర్చులతో సతమతమవుతున్నాడని పరిశోధకులు వ్రాశారు.

ఈ మూడవ నిర్ధారణ వివాదాస్పదమైంది. వైద్య ఖర్చులు ఉన్నవానికి కూలి చాలకపోవడం భ్రమ కాదు. అది నిజమైన ఇబ్బందే. ఫిర్యాదును మనోవ్యాధి లక్షణంగా చూస్తే దానిని పరిష్కరించవలసిన బాధ్యత యాజమాన్యంపై లేకుండా పోతుందని విమర్శకులు అభ్యంతరం చెప్పారు.

బ్యాంక్ వైరింగ్ పరిశీలన గది (1931-1932)

కార్మికులు తమలో తాము కూడబలుక్కొని ఉత్పత్తిని పరిమితం చేస్తున్నారన్న సంగతి ముఖాముఖిలలో బయటపడింది. దీనిని నేరుగా చూడటానికి 1931 నవంబరు నుండి 1932 మే వరకు 14 మంది పురుషులను ఒక గదిలో పరిశీలించారు. వీరిలో తొమ్మిది మంది టెలిఫోన్ ఎక్స్ఛేంజి పరికరాలకు తీగలు చుట్టేవారు, ముగ్గురు టంకం వేసేవారు, ఇద్దరు తనిఖీదారులు. రిలే గదిలో వలె ఇక్కడ ఏ మార్పూ చేయలేదు. పరిశీలకుడు ఒక మూల కూర్చొని చూసేవాడు. తాము చెప్పినది అధికారులకు చేరదని నమ్మకం కుదిరే వరకు కార్మికులు అతని ముందు జాగ్రత్తగా మసలుకున్నారు.

సంస్థ దృష్టిలో వీరికి ఎక్కువ పని చేస్తే ఎక్కువ కూలి వస్తుంది. కాని రోజుకు రెండు పరికరాలు పూర్తిచేయడమే న్యాయమైన పని అని బృందం తనకు తానే నిర్ణయించుకున్నది. చాలామంది ఆ మేరకు పని ముగిసిన తరువాత నెమ్మదించేవారు. ఎక్కువ చేసిన రోజు మిగులును దాచి, తక్కువ చేసిన రోజు లెక్కలో చూపేవారు. బృందం పాటించిన కట్టుబాట్లను పరిశోధకులు ఇలా గుర్తించారు:

* మరీ ఎక్కువ పని చేయకూడదు. చేసినవాడు రేటును చెడగొట్టేవాడు.
* మరీ తక్కువ పని చేయకూడదు. చేసినవాడు తోటివారి కష్టాన్ని తినేవాడు.
* తోటివానికి హాని కలిగే మాట పై అధికారికి చెప్పకూడదు.
* తనిఖీదారు అయినా సరే, అధికారం చలాయించకూడదు.

కట్టుబాటు తప్పినవానిని ఎగతాళి చేసేవారు, భుజం కింద గట్టిగా గుద్దేవారు, లేదా వెలివేసినట్లు చూసేవారు. పనులను పరస్పరం మార్చుకోవడం, ఒకరికొకరు సహాయం చేసుకోవడం నియమాలకు విరుద్ధమైనా అవి మామూలుగా జరిగేవి. బృందంపై నేరుగా అజమాయిషీ చేసే చిన్న అధికారికి ఇదంతా తెలుసు. అతడు పైవారికి చెప్పలేదు. చెప్తే కింది వారి సహకారం పోతుంది; చెప్పకపోతే పైవారికి తెలిసే లెక్క నిజం కాదు. ఈ విధంగా అపనమ్మకం ఒక్కొక్క మెట్టుగా పైకి వ్యాపించింది.

ఎందుకు ఎక్కువ చేయరని అడిగినప్పుడు, రేటు తగ్గిస్తారని, కొందరిని పనినుండి తీసివేస్తారని, నెమ్మదిగా పనిచేసేవారికి మాట వస్తుందని వారు చెప్పారు. తమలో ఎవరికీ రేటు తగ్గించిన అనుభవం లేదని, కనుక ఈ భయం హేతుబద్ధమైనది కాదని పరిశోధకులు భావించారు. అయితే అప్పటికి ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉంది. చేయవలసిన పని తక్కువగా ఉన్నప్పుడు దానిని త్వరగా ముగించడం ఎవరి ప్రయోజనానికి అనేది వారి ముందున్న నిజమైన ప్రశ్న. పని లేకపోవడం వల్లనే 1932లో ఈ పరిశీలన ముగిసింది.

నిర్ధారణలు

మేయో తన అభిప్రాయాలను 1933లో ప్రచురించిన గ్రంథంలో వెల్లడించాడు. రోత్లిస్‌బర్గర్, డిక్సన్ కలిసి వ్రాసిన సమగ్ర నివేదిక 'మేనేజ్‌మెంట్ అండ్ ది వర్కర్' 1939లో వెలువడింది. వారి ముఖ్య నిర్ధారణలు ఇవి:

* కర్మాగారం ఆర్థిక వ్యవస్థ మాత్రమే కాదు, సామాజిక వ్యవస్థ కూడా.
* నియమాల ప్రకారం ఏర్పడిన నియత సంస్థతో పాటు, కార్మికుల పరస్పర సంబంధాలతో ఏర్పడిన అనియత సంస్థ కూడా ఉంటుంది. రెండవ దానిని విస్మరిస్తే మొదటిది సరిగా పనిచేయదు.
* ఒక మార్పుకు కార్మికుని స్పందన, ఆ మార్పుపై అతనికి గల భావనను బట్టి ఉంటుంది. ఆ భావన అతని కుటుంబ పరిస్థితులు, బృందంలో అతని స్థానం మొదలైన వాటిపై ఆధారపడుతుంది.
* పర్యవేక్షకుడు వినడం, సంప్రదించడం, గౌరవించడం ఉద్యోగుల మనోబలాన్ని, సహకారాన్ని పెంచుతుంది.

మాంద్యం, సలహా కార్యక్రమం

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం హాథార్న్ కర్మాగారాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. టెలిఫోన్ పరికరాలకు గిరాకీ పడిపోయి వేలాది మందిని తొలగించారు. ముఖాముఖి కార్యక్రమం ఆగిపోయింది. అంతవరకు అభిప్రాయం అడిగి గౌరవించిన రిలే గది యువతులలో కూడా పలువురు ఉద్యోగాలు కోల్పోయారు. ప్రయోగగదిలో ఏర్పడిన స్నేహభావం తొలగింపుల నిర్ణయంలో వారికి ఏ హక్కునూ ఇవ్వలేదు.

పరిస్థితులు కొంత మెరుగైన తరువాత 1936లో సంస్థ ఉద్యోగులకు సలహా కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రత్యేకంగా నియమించిన సలహాదారులు కర్మాగారంలో తిరుగుతూ కార్మికుల మాటలు వినేవారు. వారికి ఏ విషయంలోనూ ఆజ్ఞాపించే అధికారం లేదు. తాము విన్నది పై అధికారులకు చెప్పకూడదు. ఈ నియమం కార్మికుల నమ్మకాన్ని పొందడానికి తోడ్పడింది. అదే నియమం వలన విన్న సమస్యను పరిష్కరించే మార్గం కూడా లేకపోయింది. ఈ కార్యక్రమం 1956లో ముగిసింది.

విమర్శలు

కార్మిక సంఘాలు మొదటినుండి మానవ సంబంధాల సిద్ధాంతాన్ని అనుమానంతో చూశాయి. తృప్తిగా ఉన్న ఆవు ఎక్కువ పాలిస్తుందన్న చందాన కార్మికులను చూస్తున్నారని, ఇది ఆవుల సమాజశాస్త్రమని 1949లో అమెరికా మోటారు వాహన కార్మికుల సంఘం పత్రిక ఎద్దేవా చేసింది. యాజమాన్యానికి, కార్మికులకు మధ్య నిజమైన ప్రయోజన వైరుధ్యాలు ఉంటాయని, వాటిని సంభాషణ లోపాలుగా మేయో చిత్రించాడని, సంఘాల పాత్రను విస్మరించాడని సామాజిక శాస్త్రవేత్తలు పేర్కొన్నారు.

పరిశోధన పద్ధతులపై కూడా విమర్శలు వచ్చాయి. 1967లో అలెక్స్ కేరీ, రిలే గది ఫలితాలు స్నేహపూర్వక పర్యవేక్షణను కాక వేతన ప్రోత్సాహాన్ని, క్రమశిక్షణను బలపరుస్తున్నాయని వాదించాడు. సహకరించని ఇద్దరిని తొలగించిన తరువాత వచ్చిన ఫలితాన్ని సామరస్యానికి నిదర్శనంగా చూపడం తగదని అతని వాదన. 1978లో రిచర్డ్ ఫ్రాంకే, జేమ్స్ కౌల్ గణాంక విశ్లేషణ చేసి ఉత్పత్తిలోని హెచ్చుతగ్గులలో అధిక భాగానికి నిర్వాహకుల క్రమశిక్షణ, మాంద్యపు ఒత్తిడి, విశ్రాంతి సమయం కారణాలని తేల్చారు. 1991లో రిచర్డ్ గిలెస్పీ, సంస్థ పాత రికార్డులను పరిశీలించి, ఫలితాలకు వివిధ వర్గాలు వేర్వేరు అర్థాలు ఎలా కల్పించాయో వివరించాడు.

హాథార్న్ ప్రభావం

తమను పరిశీలిస్తున్నారని తెలిసినప్పుడు మనుషులు తమ ప్రవర్తనను మార్చుకోవడాన్ని హాథార్న్ ప్రభావం అంటారు. ఈ పదం 1950వ దశకంలో ప్రచారంలోకి వచ్చింది. వైద్యశాస్త్రం, విద్య, సామాజిక శాస్త్రాలలో దీనిని విరివిగా వాడుతారు. అయితే ఈ పేరుకు మూలమైన ప్రయోగాలలోనే ఆ ప్రభావం ఉన్నదా అనేది సందేహాస్పదం. 1992లో స్టీఫెన్ జోన్స్ రిలే గది అంకెలలో దానికి చెప్పుకోదగిన ఆధారం లేదన్నాడు. నశించిందని చాలాకాలం భావించిన వెలుతురు ప్రయోగాల సమాచారాన్ని వెలికితీసి స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ 2011లో పునర్విశ్లేషణ ప్రచురించారు. దీపాలను సాధారణంగా ఆదివారం మార్చేవారని, మార్పు ఉన్నా లేకపోయినా సోమవారాలలో ఉత్పత్తి పెరగడం మామూలేనని వారు చూపారు. ప్రచారంలో ఉన్న కథలో చాలా భాగానికి ఆధారం లేదని, ప్రభావపు సూక్ష్మమైన ఛాయలు మాత్రం కొన్ని ఉన్నాయని వారి అభిప్రాయం.

పరస్పర విశ్వాసం దృష్ట్యా ప్రాముఖ్యం

విమర్శలను పరిగణనలోకి తీసుకున్న తరువాత కూడా, రిలే గదిని, బ్యాంక్ వైరింగ్ గదిని పక్కపక్కన ఉంచి చూడటం ప్రయోజనకరం. రెండూ ఒకే సంస్థకు చెందినవి. రెండింటిలోనూ బృందం చేసిన పనిని బట్టే కూలి. మొదటి గదిలో బృందం చిన్నది. పెంచిన ఉత్పత్తికి తగిన కూలి ప్రతిసారి చేతికి వచ్చింది, మార్పులపై ముందుగా చెప్పారు, అభ్యంతరం చెబితే విన్నారు. రెండవ గదిలో రేటుపై గాని, ఉద్యోగంపై గాని కార్మికులకు ఎవరి హామీ లేదు. వారు ఒకరినొకరు నమ్ముకున్నారు, యాజమాన్యాన్ని నమ్మలేదు. అనగా బృందంలోని ఐకమత్యం ఉత్పత్తిని పెంచనూ వచ్చు, తగ్గించనూ వచ్చు. ఏది జరిగేదీ యాజమాన్యం మాటపై వారికి గల నమ్మకాన్ని బట్టి ఉంటుంది.

ముఖాముఖి, సలహా కార్యక్రమాలు మరొక పరిమితిని చూపుతాయి. వినడం విశ్వాసానికి తొలి మెట్టు. విన్నదానిపై చర్య తీసుకొనే అధికారం, ఇచ్చిన మాటను కష్టకాలంలో కూడా నిలుపుకొనే ఏర్పాటు లేనప్పుడు ఆ విశ్వాసం నిలువదు.

తరువాతి పరిశోధనలు ఉద్యోగుల ఆరోగ్యానికి, పనిపై వారికి గల అధికారానికి మధ్య సంబంధాన్ని పరిశీలించాయి. బ్రిటన్‌లో 1985లో ప్రారంభమైన రెండవ వైట్‌హాల్ అధ్యయనంలో 10,308 మంది ప్రభుత్వోద్యోగులు పాల్గొన్నారు. తమ పనిపై తక్కువ నియంత్రణ గలవారిలో గుండెజబ్బుల ముప్పు ఎక్కువగా ఉన్నదని 1997లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. తప్పును ఒప్పుకొన్నా, సందేహం అడిగినా అవమానం, శిక్ష ఎదురుకావన్న నమ్మకాన్ని మానసిక భద్రత పేరుతో ఏమీ ఎడ్మండ్‌సన్ 1999లో బృందాల స్థాయిలో అధ్యయనం చేసింది. బ్యాంక్ వైరింగ్ గదిలోని చిన్న అధికారి మౌనం ఈ భావనకు చక్కని పూర్వోదాహరణ.

భారతదేశంలో

భారతదేశంలో ఈ తరహా పరిశోధనలలో అహ్మదాబాదు నూలుమిల్లుల ప్రయోగం ప్రసిద్ధం. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1953లో దీనిని ప్రారంభించాడు. ఆటోమేటిక్ మగ్గాల విభాగంలో ఒక్కొక్కరికి విడివిడి పనులు ఇవ్వడానికి బదులు, కొన్ని మగ్గాలకు ఒక బృందం ఉమ్మడిగా బాధ్యత వహించే పద్ధతిని ప్రవేశపెట్టారు. బృందాలను కూర్చుకోవడంలో కార్మికులే చొరవ తీసుకున్నారు. ఉత్పత్తి, నాణ్యత రెండూ మెరుగుపడ్డాయి.

విశ్వవిద్యాలయాలలో ప్రభుత్వ పాలనాశాస్త్రం, వాణిజ్యశాస్త్రం, వ్యాపార నిర్వహణ విద్యార్థులకు హాథార్న్ ప్రయోగాలు పాఠ్యాంశం. డి. రవీంద్ర ప్రసాద్, వి.ఎస్. ప్రసాద్, పి. సత్యనారాయణ సంపాదకత్వంలో వెలువడి, విద్యార్థులు విస్తృతంగా చదివే 'అడ్మినిస్ట్రేటివ్ థింకర్స్' అనే ఆంగ్ల గ్రంథంలో ఎల్టన్ మేయోపై ఒక అధ్యాయం ఉంది.

కర్మాగారం తరువాతి చరిత్ర

హాథార్న్ కర్మాగారం 1983లో మూతబడింది. భవనాలలో అధిక భాగాన్ని కూల్చివేసి ఆ స్థలంలో దుకాణ సముదాయాన్ని నిర్మించారు. పాత కర్మాగారపు బురుజు ఒకటి మిగిలి ఉంది. సిసెరోలోని మోర్టన్ కళాశాలలో హాథార్న్ కర్మాగారానికి సంబంధించిన ప్రదర్శనశాల ఉంది.

ఇవి కూడా చూడండి

* ఎల్టన్ మేయో
* ఫ్రెడరిక్ టేలర్
* శాస్త్రీయ నిర్వహణ
* కార్మిక సంఘం
* మహా ఆర్థిక మాంద్యం